అయిదో బుధవారం

రోలర్ల మధ్యకు దుప్పటి అంచు అందించి వేళ్లు వెనక్కి తీసుకోవడంలో మిలోయ్కా పదకొండేళ్లలో ఒక్కసారే ఆలస్యం చేసింది. ఆ ఒక్కసారికి గుర్తుగా కుడిచేతి చూపుడువేలు కొస నున్నగా, గోరు లేకుండా, ఉడకబెట్టి పొట్టు తీసిన చిక్కుడు గింజలా ఉంటుంది. దానివల్ల పనికేమీ అడ్డం రాలేదు. తడి దుప్పటిని విదిలించి, రెండు మూలలూ పట్టుకుని, వేడి రోలరు నోటికి అందించడం. అవతల నిలబడ్డ ద్రాగిత్సా దాన్ని అందుకుని మడత పెట్టడం. పొద్దున ఆరు నుంచి రెండు దాకా ఆసుపత్రి నేలమాళిగలోని లాండ్రీలో వాళ్లిద్దరి మధ్య రోజుకు నాలుగైదు వందల దుప్పట్లు తెల్లని వాగులా పారుతుంటాయి.

మిలోయ్కాకు నలభై ఆరేళ్లు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. ఆవిరికి ముఖం ఎప్పుడూ ఎర్రగా ఉంటుంది గానీ మోచేతుల పైన చర్మం పాలలా తెలుపు. జుట్టును రుమాలులోకి తోసి, మెడ వెనక ముడి వేస్తుంది. పని చేస్తున్నంతసేపూ పెదాలు ఏదో లెక్కపెడుతున్నట్టు కదులుతుంటాయి. ప్రార్థనేమో అని ద్రాగిత్సా మొదట్లో అనుకునేది. తర్వాత తెలిసింది, నిజంగానే లెక్కపెడుతుందని: ఇన్ని దుప్పట్లు, ఇన్ని గలీబులు, ఇన్ని రోజులు.

“ఇవాళ బుధవారం కదే, ఇక్కడున్నావేం?” అంది ద్రాగిత్సా, దుప్పటి అందుకుంటూ.

“ఇది అయిదోది,” అంది మిలోయ్కా.

ద్రాగిత్సా దుప్పటి మడత పెట్టింది. సరిహద్దుకు దగ్గరలో బతికే వాళ్లకు ఆ మాట చాలు.

నెలకు నాలుగు గడులు. మిలోయ్కా దగ్గరున్న దాటుబడి పుస్తకంలో అంతకంటే ఎక్కువ లేవు. బూడిదరంగు అట్ట, లోపల ఫోటో, ఫోటో మీద సగం పడేలా గుండ్రటి ముద్ర, ఆ తర్వాత పేజీకో నెల, నెలకు నాలుగు గడులు. యుగోస్లావియా వైపు పది కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లు ఇటలీ వైపు పది కిలోమీటర్ల లోపలికి నెలకు నాలుగుసార్లు పోయి రావచ్చు. పొద్దున పోవాలి, సాయంత్రం ఎనిమిదికి గేటు వేసేలోగా రావాలి. చాలామంది ఆ నాలుగూ కాఫీకీ, బట్టల సబ్బుకీ, పిల్లలకు బూట్లకీ వాడుకుంటారు. మిలోయ్కా నాలుగింటినీ నాలుగు బుధవారాలకు ఇచ్చేసింది. ఆ రోజు సెలవు దొరకడానికి బదులుగా ఆదివారాలు పని చేస్తుంది. ఏడాదికి నాలుగైదు నెలల్లో బుధవారాలు అయిదు వస్తాయి. ఆ డెబ్భై ఒకటో సంవత్సరం సెప్టెంబరు అలాంటి నెల. ఒకటో తారీకే బుధవారమైంది. ఇరవై తొమ్మిది వచ్చేసరికి పుస్తకంలో గడి లేదు.

అవతల ఉన్నది ఆమె అక్క పావ్లా.

పావ్లాకు పదకొండేళ్లప్పుడు మిలోయ్కా పుట్టింది. మిలోయ్కాకు రెండేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పటినుంచీ చెల్లెలికి తల దువ్వడం, ముక్కు తుడవడం, వీపు మీద రెండు వేయడం అన్నీ పావ్లావే. పెళ్లి సంబంధాలు వచ్చాయి. “ఈ పిల్లని ఎవరి నెత్తిన పెట్టి పోను?” అని పంపించేసింది. చివరికి పిల్లే ముందు పెళ్లి చేసుకుని పోయింది, అదీ ఎంత దూరం, ద్రాక్షతోట దాటి రెండు వందల అడుగులు. మొగుడు ఆల్బిన్ ఇల్లు అక్కడే. పొద్దున పొయ్యి ముట్టిస్తే ఈ ఇంటి పొగ ఆ ఇంటికి తెలిసేది.

నలభై ఏడు సెప్టెంబరులో సైనికులు గుంజలతో, సున్నం బక్కెట్టుతో వచ్చారు. ఎక్కడో పెద్దవాళ్లు పటం మీద గీసిన గీతను వీళ్లు నేల మీద గీయాలి. గీత ద్రాక్షతోట పొడుగునా వచ్చి, పుట్టింటికీ దాని వెనకున్న పశువుల కొట్టానికీ మధ్యగా పోయింది. ఇల్లు ఇటలీలో పడింది. కొట్టం, అందులో కట్టేసిన ఆవుతో సహా, యుగోస్లావియాలో పడింది. పావ్లా పాలచెంబు పట్టుకుని పెరట్లో నిలబడి ఉంది. సున్నం గీత ఆరేదాకా చూసి, అవతల నిలబడ్డ చెల్లెలితో, “ఆవు నీది, ఇల్లు నాది. పంపకాలైపోయాయి పో,” అంది. సైనికులు కూడా నవ్వారట. రాత్రికి గీత వెంట ఇనప తీగ కట్టారు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు దాటుబడి పుస్తకాలు లేవు, గడులు లేవు. యాభయ్యో సంవత్సరం క్రిస్మస్‌కు ముందు ఆల్బిన్, వదిన ఒక్కతే ఉందని, పంది తొడ ఒకటి గోనెలో చుట్టుకుని తీగ కింద నుంచి దూరాడు. గస్తీవాళ్లకు దొరికాడు. పద్నాలుగు నెలలు జైలు. తిరిగొచ్చినప్పుడు దగ్గుతో వచ్చాడు. ఏడేళ్లు దగ్గి పోయాడు. పిల్లలు లేరు. అప్పటినుంచి మిలోయ్కా ఆ తీగ ముట్టుకోదు. ద్రాక్ష తీగ పాకి అటు పోయి కాయ కాస్తే, ఆ గుత్తిని అటే వదిలేస్తుంది.

మూడేళ్ల కిందట పావ్లాకు నడుం కింద చచ్చుబడింది. పక్కింటి కార్లినా రోజూ రెండుపూటలా వచ్చి చూసుకుంటుంది. బుధవారాలు మాత్రం మిలోయ్కావి. పొద్దున ఏడుకు సైకిల్ మీద మూడు కిలోమీటర్లు పోయి, గేటు దగ్గర దిగి, ఇటు ముద్ర, అటు ముద్ర వేయించుకుని, మళ్లీ మూడు కిలోమీటర్లు వెనక్కి తొక్కుకుంటూ తన ఇంటికి రెండు వందల అడుగుల దూరంలోకి వస్తుంది. అక్కకు ఒళ్లు తుడిచి, మంచం పుళ్లకు మందు రాసి, పక్కబట్టలు మార్చి, చిక్కుడు గింజలూ పుల్లక్యాబేజీ వేసి వారానికి సరిపడా పులుసు వండి పెడుతుంది. పావ్లా నోరు ఊరుకోదు. ఉప్పెక్కువైందంటుంది, ఆసుపత్రిలో శవాల్ని దొర్లించినట్టు దొర్లిస్తున్నావంటుంది. సాయంత్రం వెళ్లేటప్పుడు మాత్రం ఏమీ అనదు. ముఖం గోడవైపు తిప్పుకుంటుంది.

ఇటువైపు వచ్చేయమని అడగలేదని కాదు. ఇల్లు వదిలిపెడితే మళ్లీ ఎవరి గీతలోకి పోతుందో అంది పావ్లా. ఇంకో దారి కూడా ప్రయత్నించారు. రెండు వైపులా పొలం ఉన్న రైతులకు వేరే పుస్తకం ఉంటుంది. వాళ్లు ఎన్నిసార్లయినా దాటవచ్చు. పుట్టింటి ద్రాక్షతోటలో నాలుగు వరసలు చెల్లెలి పేర రాస్తే మిలోయ్కాకూ ఆ పుస్తకం వస్తుంది. రాయడానికి తండ్రి కాగితాలు కావాలి. తండ్రి పుట్టింది ఆస్ట్రియా చక్రవర్తి కాలంలో, యోజెఫ్ హుమర్‌గా. పోయింది ఇటలీ వాళ్ల కాలంలో, వాళ్లు మార్చి రాసిన జుసెప్పే ఉమారిగా. మిలోయ్కా కూడా తన పుట్టుక కాగితంలో ఎమీలియా. ఇల్లు కదలకుండానే కుటుంబమంతటికీ రెండేసి పేర్లు పడ్డాయి. కచేరీలో గుమస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, వీళ్లిద్దరూ వేరువేరు మనుషులన్నాడు. “ఇద్దరికీ ఎడమకాలు కుంటేనండీ,” అంది మిలోయ్కా. ఆయన నవ్వలేదు. అర్జీ రెండేళ్లుగా అక్కడే ఉంది.

రెండు గంటలకు పని దిగి, బట్టలు మార్చుకుని, మిలోయ్కా సైకిల్ మీద ఇంటికి వచ్చింది. పొద్దుటి పులుసు వేడి చేసుకుని నిలబడే తింది. బుట్టా కత్తెరా తీసుకుని తోటలోకి పోయింది. ద్రాక్ష కోతల కాలం. అయిదో బుధవారాల్లో వాళ్లకో అలవాటుంది. నాలుగింటికి కార్లినా పావ్లా గది కిటికీ రెక్కలు తీసి, తల కింద రెండు దిండ్లు పెడుతుంది. ఇటు వరస చివర మిలోయ్కా నిలబడుతుంది. గది లోపలి మసకలో ముఖం తెలియదు. తెల్లటి రాత్రిచొక్కా తొడిగిన చెయ్యొకటి పైకి లేస్తుంది. ఇటునుంచి మిలోయ్కా రుమాలు తీసి ఊపుతుంది. అంతే. అరిచి మాట్లాడుకుంటే గస్తీవాళ్లు ఊరుకోరు.

ఆ రోజు నాలుగైనా కిటికీ తెరుచుకోలేదు. మూసిన చెక్క రెక్కల మీద ఎండ పడుతోంది. మిలోయ్కా ఒక గుత్తి కోసింది, ఇంకొకటి కోసింది. ఇంతలో అవతలి పెరట్లోంచి కార్లినా, చేతులు ఏప్రానుకు తుడుచుకుంటూ, తీగ దాకా వచ్చింది. కార్లినా అరవై దాటిన మనిషి. ఎప్పుడూ అలా రాలేదు.

“అమ్మాయ్, సోమవారం నుంచి జ్వరం,” అంది తగ్గు గొంతుతో. “ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందట. పొద్దున డాక్టరొచ్చి సూది వేశాడు. ఆసుపత్రికంటే వద్దంది. నీకోసం అడుగుతోంది.”

“అయిదోదని చెప్పావా?”

“చెప్పాను. తెలుసులే, కానీ రమ్మను అంటోంది.”

ఎల్లుండి శుక్రవారం ఒకటో తారీకు, కొత్త గడులు వస్తాయి, పొద్దున్నే వస్తానని చెప్పు అంది మిలోయ్కా. కార్లినా తలూపింది గాని కదల్లేదు. తీగ మీద పాకిన ద్రాక్షాకును ఒకదాన్ని తెంపి, వేళ్ల మధ్య నలుపుతూ, “ఎల్లుండి దాకా అంటే…” అని ఆగిపోయింది.

మిలోయ్కా బుట్ట అక్కడే వదిలేసి సైకిలెక్కింది.

గేటు దగ్గర సరిహద్దు పోలీసు స్తోయాన్ ఉన్నాడు. పన్నెండేళ్లుగా అదే గేటు, అదే గది, అదే ముద్ర. ముప్పై అయిదు దాటకుండానే జుట్టు నెరిసింది. ప్రతి బుధవారం ఆమెను చూసి, మీ అక్క ఎలా తిట్టింది అని అడుగుతాడు. ఆ రోజు ఆమె సైకిల్ దిగిన తీరు చూసి ఏమీ అడగలేదు. ఆమె పుస్తకం తెరిచి కిటికీలోంచి లోపలికి జరిపింది.

“నాలుగూ నిండాయక్కా. నేనే గుద్దాను నాలుగూ.”

“తెలుసు. పక్కన అంచులో చోటుంది. అక్కడ గుద్దు.”

స్తోయాన్ పుస్తకాన్ని తిప్పి చూశాడు, నిజంగానే అంచులో చోటుందేమో అన్నట్టు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. “గుద్దుతాను. నలభై అడుగుల అవతల ఇటలీవాడు చూస్తాడు. వెనక్కి పంపుతాడు, పుస్తకం లాక్కుంటాడు. అప్పుడు నీకు శుక్రవారం కూడా ఉండదు.”

అతను అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలుసు. అతనే కుర్చీ తెచ్చి ఆమెను కూచోబెట్టి, పట్నానికి ఫోను చేశాడు. కచేరీ మూడింటికే మూసేశారు. రాత్రి కాపలా మనిషెవరో దొరికాడు. రేపు ఎనిమిదికి తెరుస్తారట. దగ్గర బంధువుకు ప్రాణం మీదికొస్తే అదనంగా ఒకసారికి కాగితం ఇస్తారట. దానికి డాక్టరు రాసివ్వాలి. ఇటలీ డాక్టరైతే దాన్ని తర్జుమా చేయించి, తర్జుమా మీద ముద్ర వేయించాలి.

“అదే పోయారనుకో, ఒక్క టెలిగ్రాం చాలు, నిమిషాల మీద…” అని స్తోయాన్ నోరు జారి, పెదవి కరుచుకున్నాడు.

మిలోయ్కా అతని వైపు చూసింది. కోపం లేదు. దుప్పట్ల లెక్కలో ఒకటి తప్పితే ఎక్కడ తప్పిందా అని వెతుక్కునేటప్పుడు చూసినట్టు చూసింది. పుస్తకం తీసుకుని జేబులో పెట్టుకుని, కుర్చీని తిరిగి గోడకు ఆనించి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

తోట చివరికి వచ్చేసరికి అయిదు దాటింది. గస్తీ సైనికులిద్దరు అప్పుడే దాటిపోయారు. మళ్లీ రావడానికి ముప్పావు గంట పడుతుంది. ఆ లెక్క ఊళ్లో అందరికీ తెలుసు. ఆల్బిన్‌కూ తెలుసు. తీగ మూడు వరసలు. కింది వరస ఒకచోట వదులై, నేలకు జానెడు పైన వేలాడుతోంది. తీగ అవతల గడ్డి, కార్లినా కోళ్లు, బావి, గుమ్మం. మిలోయ్కా తీగ దగ్గరికి పోయి, మోకాళ్ల మీద కూచుంది. వదులైన చోట చెయ్యి వేసింది. ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి. తీగ ఎండకు వెచ్చగా ఉంది.

దొరికిపోతే పుస్తకం పోతుంది. పుస్తకం పోతే వచ్చే బుధవారం ఉండదు, ఆ పై బుధవారం ఉండదు. అక్క బతికితే ఆ మంచం పుళ్లకు మందు రాసేదెవరు? బతుకుతుందనే లెక్కలో ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత రోజుల్లో ద్రాగిత్సాతో ఈ సంగతి చెప్పినప్పుడు ఆ ఒక్కచోటే ఆగి ఆగి చెప్పేది. భయపడి కాదు, బతుకుతుందనుకునే తీసుకున్నాను అనేది.

లేచి, బుట్ట దగ్గరికి లాక్కుని, మళ్లీ కోతకు దిగింది. చేతులు వాటి పని అవి చేశాయి. గుత్తి కింద అరచెయ్యి, కాడ మీద కత్తెర, బుట్టలోకి. కిటికీ వైపు చూడకుండా రెండు వరసలు కోసింది. మూడో వరసలో సగానికి వచ్చేసరికి చెక్క రెక్కలు గోడకు కొట్టుకున్న చప్పుడైంది.

మిలోయ్కా తలెత్తింది. పావ్లా గది కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. అద్దాల తలుపులు కూడా తెరిచారు. లోపల ఎవరూ చెయ్యి ఎత్తలేదు. సెప్టెంబరు చివర, చలిగాలి మొదలయ్యే సాయంత్రం పూట, నెమ్ము చేరిన మనిషి గదికి ఎవరూ అలా కిటికీ తీయరు. ప్రాణం పోయాక, అది బయటికి పోవడానికి తీస్తారు.

ఆమె రుమాలు విప్పింది. అలవాటు కొద్దీ చెయ్యి ఎత్తబోయి, ఆగి, దాన్ని మడిచి ఏప్రాను జేబులో పెట్టుకుంది. కాసేపటికి అవతలి గుడి గంట మొదలైంది. మగవాళ్లకైతే మూడు విడతలు. రెండు విడతలు కొట్టి ఆగింది. గస్తీవాళ్లు తిరిగొచ్చారు. ఆ ఇద్దరిలో దక్షిణాన ఎక్కడినుంచో వచ్చిన బక్కపలుచని సైనికుడు, జుట్టు విరబోసుకుని వరసలో నిలబడ్డ ఆడమనిషిని చూసి, ఏమైందమ్మా అని అడిగాడు. మా అక్క అని, గంట వినిపించిన వైపు చూపించింది. అతను తుపాకి పట్టీ సర్దుకుని, బరువుగా నిండిన బుట్టను ఎత్తి ఆమె ఇంటి గుమ్మం దాకా తెచ్చి పెట్టాడు.

లోపలికి పోయి, మిలోయ్కా ఇస్త్రీపెట్టె వేడి చేసుకుని, నల్ల గౌను ఇస్త్రీ చేసింది. చేతుల అంచులు, కాలరు, కుచ్చిళ్లు. ఆల్బిన్ పోయినప్పటి గౌను. నడుం దగ్గర కాస్త విప్పి కుట్టాల్సి వచ్చింది.

మర్నాడు ఎనిమిదికి కచేరీ తెరిచేసరికి కార్లినా కొట్టించిన టెలిగ్రాం ఆమె చేతిలో ఉంది. గుమస్తా చదివాడు. పోయిన మనిషి పేరు పావొలా ఉమారి అని ఉంది. అర్జీని ఆపిన ఇంటిపేరే అది. ఆయన ఆ పేరు మీద ఒక క్షణం వేలు ఆనించి, తలెత్తి ఆమె నల్ల గౌను చూసి, ఏమీ అడగకుండా కాగితం రాసిచ్చాడు. నలభై ఎనిమిది గంటలు. పావు గంట కూడా పట్టలేదు. గేటు దగ్గర స్తోయాన్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, కాగితం మీద ముద్ర వేశాడు. ఇటలీవాడు కూడా లేచి నిలబడి వేశాడు.

పావ్లాను కడగడానికి ఎవరినీ రానివ్వలేదు. వేడినీళ్లు కార్లినా కాచి గుమ్మం దాకా తెచ్చింది. మిలోయ్కా తలుపు వేసుకుని, రోజూ చేసే పనే చేస్తున్నట్టు, తొందర లేకుండా చేసింది. ఒక వైపుకు తిప్పి, ఇంకో వైపుకు తిప్పి. మామూలుగా అయితే ఈ పాటికి పావ్లా నాలుగు తిట్లు తిట్టి ఉండేది. మంచం పుళ్లలో ఒకటి మాని, దాని మీద కొత్త చర్మం పట్టింది. అది చూసి మిలోయ్కా మంచం అంచున కూలబడి, అప్పుడు ఏడ్చింది.

శవపేటికలో పెట్టేముందు తొడగాల్సిన నల్ల మేజోళ్ల కోసం బీరువా సొరుగు లాగితే, మేజోళ్ల కింద ఒక చిన్న పుస్తకం కనబడింది. ఇటలీ వైపు వాళ్లకిచ్చే దాటుబడి పుస్తకం. పావ్లా పేరు, ఊరు, ముద్ర. అట్ట ఇంకా బిగుతుగా, కొత్త జిగురు వాసనతో ఉంది. మిలోయ్కా దాన్ని పట్టుకుని వంటింట్లోకి వచ్చి కార్లినాకు చూపించింది.

“మార్చిలో చేయించింది,” అంది కార్లినా. “ఫోటో తీసే అతన్ని ఇంటికే పిలిపించమంది. ఎందుకే తల్లీ నీకు, మంచం దిగలేవు కదా అన్నాను. కాళ్లొచ్చిన రోజున కాగితం కోసం పరిగెత్తమంటావా అంది. నీతో చెప్పొద్దంది. నవ్వుతావట.”

మిలోయ్కా కిటికీ వెలుగులోకి పోయి పేజీలు తిప్పింది. మార్చి నాలుగు గడులు, ఏప్రిల్ నాలుగు గడులు, అలా సెప్టెంబరు దాకా ఒక్క ముద్రా లేదు. మొదటి పేజీలో పావ్లా, గుడికి వేసుకునే నీలం రవికెలో, గుండీలన్నీ పెట్టుకుని, ఎవరితోనో తగువు పడటానికి సిద్ధంగా ఉన్నట్టు సూటిగా చూస్తోంది. వెనక గోడ అనుకోవాలని ఎవరో తెల్లగుడ్డ కట్టారు గాని, ఎడమ భుజం పక్కన దిండు మూల ఒకటి కనబడుతూనే ఉంది.